మూడు అగ్గిపెట్టెలు, మూడు చారల పురుగులు

ఈ వానాకాలంలో నా దగ్గరికి మూడు అగ్గిపెట్టెలు వచ్చాయి. మూడింటిలోనూ పసుపు, నలుపు చారల పెంకు పురుగే. తెచ్చిన ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా అడిగిన మాట మాత్రం ఒకటే: "సార్, ఇది కట్టె తినే పురుగేనా? ఇంట్ల దర్వాజలకు పడ్తదా?"

మొదటిది హనుమకొండలో మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రీ తెచ్చాడు. సామిల్లు నుంచి తెచ్చి గోడవారన పడేసిన తుమ్మ మొద్దు మీద పరుగెడుతుంటే పట్టుకున్నాడట. రెండోది ములుగు దగ్గరి ఊళ్లో ఉండే మా బావది. పోయినేడు వాకిట్లో వేసిన పందిరి బొంగులోంచి రాలి పడింది. మూడోది పరకాల వైపు వ్యవసాయం చేసుకుంటున్న నా పాత విద్యార్థి పంపాడు. బెండ తోటలో పూల మీద దొరికిందన్నాడు. డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి చుట్టుపక్కల ఎవరికి ఏ పురుగు కనబడినా నాకే చేరుతుంది.

అగ్గిపెట్టె చూడగానే నాకు వేరే సంగతి గుర్తొస్తుంది. మా చిన్నప్పుడు అగ్గిపెట్టె అంటే జీరంగి ఇల్లు. తుమ్మ చెట్ల మీద దొరికే ఆ మెరిసే ఆకుపచ్చ పురుగును పట్టి, నాలుగు తుమ్మాకులు వేసి, మూతకు బెజ్జం పెట్టి జేబులో వేసుకుని బడికి వెళ్లేవాళ్లం. ఆ జీరంగి మళ్లీ ఈ కథలోకి వస్తుంది.

మూడో పెట్టె సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అది తేలిక. బెండ, కంది, మందార పూల మీద గుంపులుగా వాలి పూరేకులు కొరికే నారింజ, నలుపు పట్టీల పురుగు కట్టె జోలికి పోదు. మైలాబ్రిస్ అనే ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు), దాని దగ్గరి చుట్టాలు ఇలా ఉంటాయి. ఒళ్లు మెత్తన, తల వెనక మెడ సన్నగా నొక్కినట్టు ఉంటుంది. మీసం పొట్టిది, చివర కాస్త లావెక్కుతుంది. చేత్తో నలిపితే కాంథారిడిన్ అనే రసాయనం తగిలి చర్మం మీద బొబ్బలు లేస్తాయి. అందుకే దీన్ని బొబ్బల పురుగు అంటారు. పిల్ల దశలో ఇది నేలలో మిడతల గుడ్లు తింటుంది కాబట్టి పూర్తిగా శత్రువనీ అనలేం. మా విద్యార్థికి ఫోన్ చేసి "దర్వాజల గురించి భయం లేదు, చేత్తో మాత్రం ముట్టకు" అని చెప్పాను. అప్పటికే ముట్టాడు. బొటనవేలి మీద బొబ్బ ఫొటో పెట్టాడు.

మిగిలిన రెండు పెట్టెలతోనే వచ్చింది చిక్కు. రెండూ నిజంగానే కట్టె తొలిచే పురుగులు, రెండూ ఒకే తెగవి. పక్కపక్కన పెడితే మా మేస్త్రీకీ, మా బావకీ రెండూ ఒకటే. నిజం చెప్పాలంటే కళ్లద్దాలు తీస్తే నాకూ ఒకటే.

చారలు ఎవరి కోసం

ఈ రెండూ సెరాంబిసిడే అనే పెద్ద కుటుంబానికి చెందినవి. పొడవాటి మీసాల పెంకు పురుగుల కుటుంబం అది. ప్రపంచం మొత్తం మీద 35 వేలకు పైగా జాతులున్నాయి, మన దేశంలోనే 1,500 దాటాయి. మామిడి తోటల రైతులకు తెలిసిన బాటోసెరా రూఫోమాక్యులేటా కూడా ఈ ఇంటిదే. వేలెడంత బూడిద రంగు పురుగు, పట్టుకుంటే కీచుమంటుంది, మీసాలు ఒంటికంటే పొడుగు. అలాంటిదాన్ని ఎవరైనా గుర్తుపడతారు. కానీ ఆ కుటుంబంలో క్లైటిని అనే ఒక శాఖ ఉంది. ఒళ్లు సన్నం, మీసాలు పొట్టి, రెక్కల పెంకుల మీద అడ్డ పట్టీలు. పొడుగు మీసాల కుటుంబంలో పుట్టి పొట్టి మీసాలు ఎందుకంటే, అది కందిరీగ వేషం.

వేషం రంగుతో ఆగదు. మేస్త్రీ తెచ్చిన పురుగును టేబుల్ మీద వదిలాను. రెండంగుళాలు గబగబా పరుగెత్తి ఆగింది, మీసాలు వణికించింది, పక్కకు తిరిగి మళ్లీ పరుగెత్తింది. అచ్చం గోడ మీద గూటికి జాగా వెతుక్కునే కందిరీగలాగే. చాయ్ ఇవ్వడానికి వచ్చిన మా ఇంటావిడ కప్పు అక్కడే పెట్టేసి వెనక్కి గెంతింది. కుట్టలేని పురుగు, కుట్టే పురుగులా కనిపించి పక్షి నోటి నుంచి తప్పించుకుంటుంది. అమెజాన్ అడవుల సీతాకోకచిలుకల్లో ఇలాంటి నాటకాన్ని గమనించి 1862లో వివరించినవాడు హెన్రీ బేట్స్. ఆయన పేరు మీదే దీన్ని ఇప్పటికీ బేట్సియన్ అనుకరణ అంటున్నారు.

అసలు తికమక ఇక్కడే పుడుతుంది. చార ఉన్నది మనం పురుగును గుర్తుపట్టడానికి కాదు, పక్షి పొరపడడానికి. ఒకే కందిరీగల గుంపును చూసి పది జాతులు వేషం కట్టాయనుకోండి, పదీ ఒకేలా కనిపిస్తాయి. వాటికి దగ్గరి చుట్టరికం ఉండాలన్న నియమం కూడా లేదు. నాటకంలో కృష్ణుడి వేషం వేసినవాళ్లందరూ అన్నదమ్ములు కారు కదా. చారలు చూసి జాతి పేరు చెప్పబోతే మొదటి అడుగే పక్షి కోసం తీసిన గోతిలో పడుతుంది.

రెండో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అందుకే కొంచెం సాగదీసి చెబుతాను. ఈ పురుగుల చారలు చాలావరకు పెంకులో ఉన్న రంగు కాదు. పెంకు నల్లగానో ముదురు గోధుమగానో ఉంటుంది. దాని మీద అతి సన్నని పసుపు, బూడిద, తెలుపు నూగు వరసలుగా పరుచుకుని ఉంటుంది. ఆ నూగు ఉన్నచోట చార, లేనిచోట నలుపు. వాకిట్లో వేసిన ముగ్గు అనుకోండి. పొద్దున గీతలన్నీ స్పష్టం. పదిమంది తిరిగాక సాయంత్రానికి ఏ చుక్క ఎక్కడుందో వేసినావిడ కూడా చెప్పలేదు. పురుగుకూ అంతే. బెరడు సందుల్లో దూరి, జత కట్టి, పది రోజులు ఎండలో తిరిగిందంటే వీపు మీది నూగు రాలిపోతుంది. కొత్తగా బయటికొచ్చినది పసుపు చారల పురుగు, రెండు వారాల ముసలిది నల్ల పురుగు. రెండూ ఒకే జాతి, ఒకే మొద్దులోంచి వచ్చిన తోబుట్టువులే కావచ్చు.

సైజును నమ్ముదామా అంటే అదీ కుదరదు. పురుగు పెరిగేదంతా పిల్ల దశలోనే, కట్టె లోపలే. పచ్చి కట్టెలో బాగా తిన్న పిల్ల పెద్ద పురుగవుతుంది. ఎండిపోయిన కట్టెలో అరకొరగా తిన్నది చిన్నదవుతుంది. పెంకు గట్టిపడ్డాక ఇక పెరగడం ఉండదు. మా బావ తెచ్చిన రకంలోనే 9 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 17 మిల్లీమీటర్లవీ ఉంటాయి. పక్కన పెడితే తల్లీ పిల్లా అనుకుంటారు, కానీ రెండూ ఎదిగినవే.

ముఖం చూడాలి

మరి దేన్ని చూడాలి? వీపు వదిలేసి ముఖం చూడాలి. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం చాలు. బంగారం పనివాళ్లు కంటికి పెట్టుకునే రకం.

ముందు కన్ను చూడండి. మీసం మొదలయ్యే చోట కన్ను లోపలికి నొక్కుకుపోయి, చిక్కుడు గింజలా వంగి, మీసం మొదలును సగం చుట్టుకుని ఉంటే అది మీసాల కుటుంబానిదని దాదాపు ఖాయం. బెండ పూల మీది బొబ్బల పురుగుకు ఇలా ఉండదు.

ఆ తర్వాత నుదురు. రెండు మీసాల మధ్య నుంచి నోటి వైపు దిగే ఆ చిన్న జాగాలోనే సగం జవాబు ఉంది. మేస్త్రీ పురుగును కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, నుదుటి మీద సన్నని గట్లు నిలువుగా లేచి కనిపించాయి. పొలం గట్లలాంటివే, వెంట్రుకంత సన్నం. ఆ గట్లు ఉంటే అది జైలోట్రెకస్ ప్రజాతి. గ్రీకులో ఆ పేరుకు కట్టె మీద పరుగెత్తేది అని అర్థం. పేరు పెట్టినవాళ్లు పురుగును బతికుండగా చూసే ఉంటారు. చారలు రాలినా, కాలు విరిగినా, సగం చీమలు తిన్నా ఆ గట్లు మాత్రం చెరగవు, ఎందుకంటే అవి నూగు కాదు, పెంకులోనే ఉన్న ఎత్తుపల్లాలు.

మా బావ పురుగు నుదురు నున్నగా ఉంది. గట్లు లేవు. అంటే జైలోట్రెకస్ కాదు. అప్పుడు మీసం కణుపులు చూడాలి. మొదలు నుంచి లెక్కపెడితే మూడో కణుపు, నాలుగో కణుపు చివర చిన్న ముల్లు పొడుచుకొస్తే అది డెమోనాక్స్ అనే ఇంకో ప్రజాతి కావచ్చు. ముల్లూ లేదు. గట్లు లేవు, ముళ్లు లేవు, దొరికింది వెదురులో. ఇప్పుడు వీపు చూసినా తప్పు లేదు, ఎందుకంటే పోటీలో మిగిలినవి తక్కువ. పసుపు నేల మీద ఒక్కో పెంకుకు, భుజానికి కాస్త దిగువన నల్లటి ఉంగరం. నడుమ ఒక నల్ల పట్టీ. దాని వెనక ఒక నల్ల మచ్చ. ఇది క్లోరోఫోరస్ యాన్యులారిస్. యాన్యులారిస్ అంటే ఉంగరం గలది. 1787లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు.

ఇలా ఒక్కో ప్రశ్నకు రెండే జవాబులు పెట్టి, ఉంటే ఇటు, లేకపోతే అటు అని దారి చూపే పద్ధతి పాతదే. మన దేశపు మీసాల పురుగులకు అలాంటి పట్టికలు 1906లోనే గాహన్ అనే కీటక శాస్త్రవేత్త పుస్తకంగా వేశాడు. అదే సంవత్సరం మొదలైన డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో మన అడవుల పురుగుల నమూనాలు గుండుసూదులకు గుచ్చి భద్రంగా ఉన్నాయి. పేరు మీద ఎవరికైనా అనుమానం వస్తే చివరికి అలాంటి పెట్టెల్లోని నమూనాతో పోల్చి చూడాల్సిందే.

ఈ మధ్య డీఎన్ఏ బార్‌కోడ్ కూడా వచ్చింది. కెనడాలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ముందుకు తెచ్చిన ఆలోచన. పురుగు కాలు ఒకటి తీసి, అందులోంచి ఒకే జన్యువులోని దాదాపు 650 అక్షరాలు చదివి, లైబ్రరీలో ఉన్నవాటితో సరిచూస్తారు. గొప్ప పనే. అయితే ఆ లైబ్రరీలో మొదటి పురుగుకు పేరు రాసినవాళ్లు నుదురు సరిగ్గా చూసి ఉండాలి. అక్కడ తప్పు పడితే మిషన్ ఆ తప్పునే నమ్మకంగా తిప్పి చెబుతుంది.

ఫోన్ యాప్‌ల సంగతీ ఇలాంటిదే. మేస్త్రీ కొడుకు ఆ పురుగు ఫొటో తీసి పెడితే యాప్ వెంటనే జైలోట్రెకస్ క్వాడ్రిపెస్ అంది, అంటే కాఫీ తెల్ల కాండం తొలుచు పురుగు. పిల్లవాడు టెన్షన్ పడిపోయాడు. ఇంటర్నెట్‌లో ఆ జాతి ఫొటోలు ఎక్కువ, ఎందుకంటే కర్ణాటకలోనూ మన అరకు వైపూ కాఫీ రైతుల ఆదాయం దెబ్బతీసేది అదే. అరబికా కాఫీ మొక్క మీద, అందులోనూ నీడ లేక ఎండ పడే కాండం మీద, బెరడు సందుల్లో గుడ్లు పెడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకోసారి ఎగురుతుంది. హనుమకొండలో తుమ్మ మొద్దు మీద దొరికిన పురుగుకు మొదట తట్టాల్సిన పేరు అది కాదు. ఆ ప్రజాతిలోనే స్మీయి అనే జాతి ఉంది. ఫలానా చెట్టే కావాలని అడగకుండా, కొట్టేసిన, ఎండిపోతున్న రకరకాల చెట్ల మీద బతుకుతుంది. నా అనుమానం దాని మీదే. కానీ చారలు బాగా రాలిపోయిన పురుగు కాబట్టి సీసా మీద చీటీలో జైలోట్రెకస్ అని మాత్రమే రాసి ఊరుకున్నాను. ప్రజాతి దగ్గర ఆగిపోవడం కీటకశాస్త్రంలో ఓటమేమీ కాదు.

కట్టెను అడగండి

పురుగు దొరక్కుండా బెజ్జం మాత్రమే కనబడిన ఇళ్లే ఎక్కువ. అప్పుడు చారల చర్చే అక్కర్లేదు. నా అనుభవంలో బెజ్జం, పొట్టు, కట్టె రకం, ఈ మూడూ చెప్పినంత నిజం పురుగు వీపు చెప్పదు.

వెదురు నుంచే మొదలుపెడదాం. మా వైపు పల్లెల్లో వెదురును కంక అంటాం. మేడారంలో సమ్మక్క గద్దె మీదికి తెచ్చేదీ కంకవనమే. పందిరి, తడిక, నిచ్చెన, గంప, ఏది చేసినా కంక బొంగే. కోసిన బొంగులో పిండి పదార్థం నిలవ ఉంటుంది. పురుగులను పిలిచేది అదే. క్లోరోఫోరస్ పిల్ల బొంగు గోడ మందంలోనే నిలువుగా తొలుచుకుంటూ పోతుంది, వెనకాల తన పొట్టును గట్టిగా కూరుకుంటూ పోతుంది. పైతోలు చెక్కుచెదరదు. బయటికి కొత్త బొంగులా మెరుస్తుంది, లోపల గోడంతా పిండి. మామూలుగా ఏడాదికి ఎదిగి బియ్యపు గింజంత కోలగా బెజ్జం చేసుకుని బయటపడుతుంది. బొంగు బాగా ఎండిపోతే ఇంకా ఆలస్యం చేస్తుంది. మా బావ పందిరి పోయినేడు వేసినదని చెప్పాను కదా, లెక్క సరిపోయింది. ఇలా బొంగుల్లో దాక్కునే ఈ పురుగు దేశాలు తిరిగింది. చైనా నుంచి అమెరికాకు వెళ్లిన తోట కర్రల్లో కూడా పట్టుబడింది.

ఇక్కడే నేనొకసారి తప్పు చేశాను. కొన్నేళ్ల కింద మా చెల్లెలింట్లో వెదురు నిచ్చెన నుంచి రోజూ తెల్లటి పిండి రాలుతోందని ఫోన్ చేసింది. అంతకుముందే వాళ్ల వరండాలో ఒక చారల పురుగు కనబడిందట. నేను ఇక్కడినుంచే పండితుడిలా, "అదేనమ్మా, ఏడాదికోసారి వస్తది, వచ్చింది పోయింది, ఇంకేం కాదు" అన్నాను. ఆర్నెల్లకు నిచ్చెన మెట్టు విరిగి మా బావమరిది మోకాలు కొట్టుకుపోయింది. వెళ్లి చూస్తే బొంగు నిండా గుండుసూది తలంత గుండ్రటి బెజ్జాలు. నిచ్చెన తట్టితే మూడు మిల్లీమీటర్లు కూడా లేని, నల్లటి గోధుమ రంగు, గునపం తలలాంటి పురుగులు నాలుగు రాలాయి. డైనోడెరస్ మైన్యూటస్. వెదురు పుచ్చు పురుగు. చారలు లేవు, మీసం కనబడదు, అసలు పురుగే కనబడదు. దీనికీ చారలదానికీ ఉన్న తేడా ప్రాణాంతకమైనది, బొంగుకు. చారలది బయటికి పోవడానికి మాత్రమే బెజ్జం చేస్తుంది. బెజ్జం కనబడిందంటే అది వెళ్లిపోయిందని అర్థం. పుచ్చు పురుగు లోపలికి పోవడానికీ బెజ్జం చేస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు మళ్లీ అదే బొంగు తింటాయి. ఆ మోకాలి సంగతి ఇప్పటికీ పెళ్లిళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

బొంగులను కోసి చెరువు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టే పాత అలవాటుకు కారణం ఈ పిండి పదార్థమే. నీళ్లలో అది కరిగి, పులిసి బయటికి పోతుంది. ఎత్తినప్పుడు భరించలేని కంపు. ఇప్పుడు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడుతున్నారు. కంపు ఉండదు, పని నయం.

పందిరి బొంగు చివర, కంపాస్‌తో గీసినట్టు చిటికెన వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం కనబడి, కింద పసుపు రంగు పొట్టు కుప్ప ఉంటే అది పెంకు పురుగు పనే కాదు. నల్ల తుమ్మెద. లోపల గదులు కట్టుకుని పుప్పొడి ముద్దలు దాచుకుంటుంది. కట్టె తినదు, ఇల్లు కట్టుకుంటుంది అంతే. కాసేపు నిలబడితే నీలం రెక్కలతో బొయ్యిమంటూ వచ్చి మీ నెత్తి చుట్టూ తిరిగి వెళ్తుంది.

కట్టెల్లో బెజ్జాల ఆకారం కూడా చాలా చెబుతుంది. మీసాల పురుగు బెజ్జం గుండ్రం లేదా కోల. అదే మన జీరంగి కుటుంబంలోని కట్టె తొలిచే జాతులవైతే బెజ్జం అణిగినట్టు, తరచు ఒకవైపు చదునుగా ఒకవైపు వంపుగా ఉంటుంది, ఎందుకంటే ఆ పురుగు ఒళ్లే బల్లపరుపు. లోపలి పిల్లకు కూడా తల వెనక ఛాతీ భాగం పాము పడగలా వెడల్పు. మీసాల పురుగు పిల్ల అలా కాదు, తెల్లగా, కాళ్లు లేనట్టే, గుండ్రటి కణుపుల దండలా ఉంటుంది. పొయ్యి కట్టెలు చీల్చేటప్పుడు చూసే ఉంటారు.

చారల్లోనూ అడ్డం, నిలువు తేడా ఉంది. దిరిసెన చెట్టు దగ్గరుంటే వానాకాలం రాత్రి లైటుకు ఒక పెద్ద ఎర్రగోధుమ పురుగు వస్తుంది. పెంకు మీద మెరిసే ఆకుపచ్చ నీలం చార పొడుగునా సాగుతుంది. అది జిస్ట్రోసెరా గ్లోబోసా. అడ్డ పట్టీల క్లైటిని గుంపుతో దానికి పని లేదు.

దర్వాజ సంగతి

మేస్త్రీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆ తుమ్మ మొద్దు నుంచి వచ్చిన పురుగు, పక్కనే పాలిష్ చేసి నిలబెట్టిన టేకు దర్వాజకు పడుతుందా?

పడదు. జైలోట్రెకస్ ఆడపురుగు గుడ్లు పెట్టేది బెరడు పగుళ్లలో. బెరడు లేని, ఆరిన, రంగేసిన చెక్క దానికి గోడతో సమానం. మొద్దులు కొట్టిన వెంటనే బెరడు తీసేసి ఉంటే ఆ మొద్దుకు కూడా పట్టేది కాదు. పైగా టేకు చేవలో టెక్టోక్వినోన్‌లాంటి పదార్థాలు ఉంటాయి. చేవ ఉన్న కట్టెకు పురుగు పట్టదని పెద్దవాళ్లు అన్నది అందుకే. అయితే చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ రక్ష లేదు. ధర తగ్గుతుందని తెల్ల చెక్కతో సహా దర్వాజ చేయించుకుంటే, లిక్టస్ అనే చిన్న పుచ్చు పురుగు దాన్ని టాల్కం పౌడర్‌లాంటి మెత్తటి పిండి చేసి కింద రాలుస్తుంది. దానికీ చారలు లేవు.

ఇంట్లో ఆరిపోయిన చెక్కకు నిజంగా భయపడాల్సిన మీసాల పురుగు ఒకటుంది. స్ట్రోమేషియం బార్బేటమ్. ఎర్రగోధుమ రంగు, ఒళ్లంతా మామూలు నూగు, ఒక్క చార కూడా లేదు, ఎవరూ అగ్గిపెట్టెలో పెట్టి తీసుకురారు. అది బెరడు లేని ఎండు చెక్క పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్ల లోపల ఏళ్ల తరబడి తింటుంది. మన దేశంలో దానికి పనికొచ్చే కట్టెల జాబితా 300 రకాలు దాటింది. ఇంట్లోంచి బయటపడ్డ పురుగు మళ్లీ అదే ఇంటి చెక్కకు చేరగలదు. నా దగ్గరికి వచ్చిన చారల పురుగులు పెట్టిన కంగారులో సగం కూడా ఇది ఎవరికీ పెట్టలేదు, అదే నాకు చికాకు.

పనిలో పని, మేస్త్రీ షెడ్డులో పడున్న పాత ప్యాకింగ్ చెక్కలు చూపించాను. విదేశాల నుంచి సరుకుతో వచ్చిన పాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మ ముద్ర, పక్కన హెచ్‌టీ అనే అక్షరాలు కాల్చి ఉంటాయి. చెక్క నడుమ దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలపాటు తగిలేలా వేడి చేశారని దాని అర్థం. 1996లో న్యూయార్క్ వీధి చెట్లలో ఆసియా మీసాల పురుగు బయటపడ్డాక, ప్యాకింగ్ చెక్కతో పురుగులు దేశాలు దాటుతున్నాయన్న బెంగ పెరిగి, 2002లో ఈ నియమం వచ్చింది. మేస్త్రీ ఆ ముద్రను చాలాసేపు వేలితో తడిమాడు. ఇన్నాళ్లూ అది కంపెనీ బొమ్మ అనుకున్నాడట.

మీకూ అలాంటి పురుగు కనబడితే చంపి రంగు చెడగొట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున దూది మీద పెట్టి నాలుగు ఫొటోలు తీయండి: వీపు ఒకటి, పక్క ఒకటి, మీసం దగ్గరగా ఒకటి, అన్నిటికంటే ముఖ్యంగా ముఖం ఎదురుగా ఒకటి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. ఏ కట్టెలో దొరికింది, ఎప్పుడు కోసింది, బెరడు ఉందా లేదా, బెజ్జం ఎంత, పొట్టు మెత్తనా ముతకా, ఇవి రాసి పంపండి. వీపు ఫొటో ఒక్కటే పంపి "ఇదేం పురుగు సార్" అంటే నేను చెప్పే జవాబు యాప్ జవాబుకంటే గొప్పగా ఉండదు.

మా బావ మాత్రం నమ్మలేదు. "బావా, ఒక్క పురుగే వచ్చింది, ఇంక రావని నువ్వెట్ల చెప్తవ్?" అన్నాడు. చెప్పలేనన్నాను. ఆ బొంగులో ఒక మూరెడు ముక్క కోసుకొచ్చి, పచ్చడి జాడీలో నిలబెట్టి, మూతికి పాత పంచె గుడ్డ కట్టి అల్మారాలో పెట్టాను. నిన్న రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు జాడీ దగ్గర చెవి పెట్టాను. లోపల్నుంచి సన్నగా, ఆగి ఆగి, కర్... కర్మంటూ వినబడింది.